పేరు: పేరు, వివరణ: అదే పేరు

మొత్తానికి మన మెటాడేటా పోర్టల్ వచ్చేసింది. టెరాఫామ్ మాడ్యూళ్లన్నిటినీ రాత్రికి రాత్రే చదివేసి, వేరియబుళ్లు, అవుట్‌పుట్లు, ప్రొవైడర్లు, వెర్షన్లు పట్టికలుగా పేర్చేశారట. టౌన్‌హాల్‌లో చప్పట్లు. "ఇక ఎవర్నీ ఏదీ అడగక్కర్లేదు, అంతా క్యాటలాగ్‌లోనే" అని ఒక స్లయిడు. అడగడానికి పాతవాళ్లెవరూ మిగల్లేదన్న ముక్క ఆ స్లయిడులో పట్టలేదు కాబోలు.

నేనూ వెళ్లి చూశాను. వీపీసీ_ఐడీ అనే వేరియబుల్. వివరణ గడిలో "వీపీసీ ఐడీ". దాని కింద సబ్‌నెట్_ఐడీలు. వివరణ: "సబ్‌నెట్ ఐడీల జాబితా". అది జాబితా అని పక్క గడిలో ఎలాగూ ఉంది. ఎనేబుల్_లాగ్స్‌కి వివరణ: "లాగ్స్ ఎనేబుల్ చేయాలా?" చేయాలో వద్దో తెలుసుకుందామని నేను పోతే, అది నన్నే అడుగుతోంది! ఊరగాయ జాడీ మీద "జాడీ" అని చీటీ అంటించినట్టుంది వ్యవహారం. లోపలున్నది ఆవకాయో మాగాయో, నిరుటిదో ఈ యేటిదో తెలియాలంటే మూత తీయాల్సిందే. మూత తీసే పనే ఉంటే చీటీ ఎందుకండీ?

ఈ వివరణల పుట్టుక మరీ ముచ్చట. టెరాఫామ్‌లో వేరియబుల్‌కి వివరణ రాసి తీరాలనేం లేదు. రాయకపోతే టెరాఫామ్-డాక్స్ ఆ గడిలో "ఎన్/ఏ" అని అచ్చేసి ఊరుకునేది. అది చూస్తే ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పలేదన్న సంగతైనా తెలిసేది. పెద్దలకి అది నచ్చలేదు. వివరణ లేని వేరియబుల్‌ని పట్టుకోవడానికి టీఎఫ్‌లింట్‌లో ఒక నిబంధన ఉంది. దాన్ని తెచ్చి సీఐలో బిగించారు. వివరణ లేని పుల్ రిక్వెస్ట్ ఇక కదలదు. అయితే ఆ నిబంధన అక్కడ ఏదైనా రాసుందా అని చూస్తుందే గానీ, రాసినదానికి అర్థముందా అని చూడదు. శుక్రవారం సాయంత్రం ఇంటికి పోదామని బ్యాగు సర్దుకున్న కుర్రాడు ఏం చేస్తాడు? పేరులోంచి అండర్‌స్కోర్లు తీసేసి, మిగిలిందాన్ని వివరణలో అతికిస్తాడు. బిల్డు పచ్చగా మెరుస్తుంది. ఆ కుర్రాణ్ని నేను తప్పుపట్టను.

ఇప్పుడు ఆ అతికించే శ్రమ కూడా లేకుండా ఏఐని పెట్టారు. అదీ పేరునే చూసి, "ఈ వేరియబుల్ సంబంధిత వీపీసీ యొక్క విశిష్ట గుర్తింపును సమగ్రంగా నిర్దేశిస్తుంది" అని రాసిపెడుతోంది. చీటీ పెద్దదైంది, అంతే. ఈ వాక్యాలన్నీ పోర్టల్ పార్సర్ మళ్లీ పీకి పట్టికలో పెడితే "డాక్యుమెంటేషన్ కవరేజీ నూరు శాతం" అని డాష్‌బోర్డు ప్రకటిస్తుంది. మనమే రాయించి, మనమే పీకించి, మనకి మనమే మార్కులు వేసుకున్నాం.

అమెరికా క్లయింటుకి పట్టపగలు, గచ్చిబౌలిలో రాత్రి రెండు. ఆన్‌కాల్ ఫోను మోగి లేచిన మనిషికి ఈ పట్టికతో ఏం ఒరుగుతుంది? ఈ విలువ మారిస్తే డేటాబేస్ ఉన్నచోటే మారుతుందా, లేక కూల్చి కొత్తది కడుతుందా? బ్యాకప్పులు ఏడు రోజులే ఎందుకు ఉంచారు? ముప్పై పెట్టి చూశారా, చూస్తే ఏమైంది? ఈ జవాబులు ఏ బ్లాకులోనూ రాసి లేవు కాబట్టి ఏ పార్సరూ పీకలేదు.

పోనీ, రాసినవైనా వస్తున్నాయా? పోర్టల్ ఆధారపడ్డ హాషికార్ప్ వాళ్ల టెరాఫామ్-కాన్ఫిగ్-ఇన్‌స్పెక్ట్ మాడ్యూలును పైపైనే చదువుతుంది. ఆ మాట వాళ్లే చెప్పుకున్నారు. ప్రొడక్షన్‌కి మూడు జోన్లు, టెస్టుకి ఒకటి అనే అసలు తర్కమంతా లోకల్స్‌లో ఉంటుంది. లోకల్స్ పట్టికకెక్కవు. రిసోర్సు పేరు ఎక్కుతుంది, దాని లైఫ్‌సైకిల్‌లోని ప్రివెంట్_డిస్ట్రాయ్ ఎక్కదు. అంటే డేటాబేస్ ఉందని మీ పోర్టల్ చెబుతుంది, దానికి వేసిన గొళ్లెం ఎవరో ఊడబీకిన సంగతి చెప్పదు. దీన్ని పట్టుకుని సింగిల్ సోర్స్ ఆఫ్ ట్రూత్ అంటారా? సిగ్గులేదా? ఆ డేటాబేస్ పోయిన రాత్రి స్లయిడు వేసినవాళ్లెవరూ బ్రిడ్జి కాల్‌లో ఉండరు. మేం ఉంటాం.

పట్టిక చెప్పనివి ఇంకా ఉన్నాయి. సెన్సిటివ్ అని టిక్కు పెట్టిన పాస్‌వర్డు తెరమీదే దాక్కుంటుంది, స్టేట్ ఫైల్లో నిక్షేపంగా చదువుకోవచ్చు. లాక్ ఫైలు ప్రొవైడర్ల వెర్షన్లనే పట్టి ఉంచుతుంది, మాడ్యూళ్లవి కాదు. 2023 ఆగస్టులో హాషికార్ప్ వాళ్లు టెరాఫామ్ లైసెన్సు మారుస్తున్నామన్నారు. 1.5 దాకా ఒక లైసెన్సు, 1.6 నుంచి ఇంకోటి. మన పట్టికలో వెర్షన్ గడిలో ఉన్నది "1.3 లేదా ఆపైన". లీగల్ వాళ్లు దీన్ని చదివి ఏం తేల్చుకుంటారో వాళ్ల ఇష్టం.

ఇవన్నీ మొరపెట్టుకుందామని చూస్తే, ప్రతి మాడ్యూలుకీ "యజమాని" అనే గడి కూడా ఉంది. అందులో ఒక టీమ్ మెయిల్ ఐడీ. ఆ టీమ్‌ని కిందటి రీఆర్గ్‌లోనే ఎత్తేశారు. మెయిలు పంపితే తిరిగొచ్చింది. యజమాని గల మాడ్యూళ్లు: నూరు శాతం.