‘ఇంగ్’ ప్రత్యయం ఆత్మకథ

ఇంగ్లీషు క్రియల చివర నిలిచే ‘ఇంగ్’ ప్రత్యయం తన కథను తన పుట్టుకతో కాక, తనలో కలిసిపోయి కనుమరుగైన తోబుట్టువుతో మొదలుపెడుతుంది. ప్రాచీన ఇంగ్లీషులో తన పని ఒక్కటే: ‘ఉంగ్’, ‘ఇంగ్’ రూపాలలో క్రియకు చేరి దానిని నామవాచకంగా మార్చడం. జరుగుతున్న పనిని విశేషణంగా తెలిపే బాధ్యత ‘ఎండే’ అనే వేరొక ప్రత్యయానిది. మధ్యకాలపు ఇంగ్లీషులో అది కొన్ని ప్రాంతాల్లో ‘ఇండే’గా మారి, క్రమంగా ‘ఇంగ్’ రూపంలోనే లీనమైంది. ప్రేమించే వ్యక్తి అనే మూలార్థం గల ‘ఫ్రెండ్’ అనే మాట చివర ఆ పాత ప్రత్యయపు శకలం నేటికీ మిగిలి ఉన్నా, ఆ మాటను రోజూ పలికేవారిలో దానిని తలచేవారు అరుదు.

ఆనాటి నుంచి రెండు కొలువుల భారమూ తన మీదనే పడింది. నామవాచకంగా పనిచేసినప్పుడు తనను జెరండ్ అని, విశేషణంగా పనిచేసినప్పుడు ప్రెజెంట్ పార్టిసిపుల్ అని పిలుస్తారు. ‘స్లీపింగ్ చైల్డ్’ అంటే నిద్రపోతున్న బిడ్డ కనుక అది పార్టిసిపుల్. ‘స్లీపింగ్ పిల్’ అన్నప్పుడు నిద్రపోయేది మాత్ర కాదు, మాత్ర నిద్ర కోసం కనుక అది జెరండ్. తెలుగులో ‘చదవడం’, ‘చదువుతూ’, ‘చదువుతున్న’ అని పనికొక రూపం ఉండటం వల్ల, ఇన్ని పనులు చేసే ఒకే రూపం ముందు తెలుగు విద్యార్థి తడబడటం సహజమే. 2002లో వెలువడిన కేంబ్రిడ్జ్ ఇంగ్లీషు వ్యాకరణం ఈ రెంటినీ ‘జెరండ్-పార్టిసిపుల్’ అనే ఒకే పేరు కిందికి తెచ్చింది. అయినా పని తేడా తెలియనిదే వాక్యం బోధపడదు.

ఈ ప్రత్యయానికి తీరని బాధ తనను అకారణంగా తొలగించడం. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు’ అని ముగియవలసిన ఉత్తరాలు, దరఖాస్తులు ‘టు హియర్’ అని ముగుస్తుంటాయి. అక్కడి ‘టు’ మన ‘కోసం’ వలె నామవాచకాన్ని కోరే ప్రిపోజిషన్. క్రియ దాని వెంట రావాలంటే జెరండ్‌గా మారి తీరాలి. వాక్యం మొదట ‘లుకింగ్’లో కొలువిచ్చి, తీరా అవసరమైన చోట తనను గెంటివేయడం అన్యాయమని ఈ ప్రత్యయం వాపోతుంది. ‘వాకింగ్ డౌన్ ద రోడ్, ఎ ట్రీ ఫెల్’ వంటి వాక్యాలలోనైతే, నడిచిన మనిషి ప్రస్తావన లేకపోవడంతో చెట్టే నడిచిందనే నింద తన మీద పడుతుంది.

కనుక ఇంగ్లీషు నేర్పేవారు నిర్వచనాలను వల్లె వేయించే ముందు, ‘ఇంగ్’ కనిపించిన ప్రతిచోటా అది పని పేరును చెబుతున్నదా, పని చేసేవారిని వర్ణిస్తున్నదా అని పిల్లల చేత అడిగించాలి.