గిలక బావికి లగ్రాంజ్ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం
ఎల్ అనగా టి నుండి వి తీసివేయగా మిగిలినది. ఎల్‌ను వేగంతో అవకలించి, వచ్చినదాన్ని కాలంతో అవకలించగా లభించేది, ఎల్‌ను స్థానంతో అవకలించినదానికి సమానం.

అవతారిక
బావి గిలక మీదుగా ఒకే చేంతాడు. రెండు కొసలకూ రెండు బొక్కెనలు. నీళ్లతో కలిపి ఒకటి 12 కిలోలు, మరొకటి 8 కిలోలు. పట్టు వదిలేస్తే బరువైన బొక్కెన ఎంత త్వరణంతో దిగుతుందన్నది ప్రశ్న. ప్రయోగశాలలో ఇదే ఏర్పాటుకు అట్‌వుడ్ యంత్రమని పేరు. జార్జ్ అట్‌వుడ్ 1784లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. సూత్రకర్త జోసెఫ్ లూయీ లగ్రాంజ్ 1736లో ట్యూరిన్‌లో జన్మించాడు. 1788లో పారిస్‌లో వెలువడిన తన యాంత్రికశాస్త్ర గ్రంథంలో బొమ్మలేవీ ఉండవని పీఠికలోనే ప్రకటించాడు. సూత్రకర్త ఆచారమే టీకాకూ ప్రమాణం కనుక ఇక్కడా బావి బొమ్మ లేదు.

ప్రతిపదార్థం
టి = బొక్కెనల కదలిక వల్ల కలిగే గతిజ శక్తి; వి = వాటి ఎత్తు వల్ల కలిగే స్థితిజ శక్తి; ఎల్ = లగ్రాంజియన్ అనబడే ఆ రెంటి భేదం; స్థానం = బరువైన బొక్కెన దిగిన దూరం, అనగా ఎక్స్; వేగం = ఆ దూరం మారే రేటు.

అధ్యాహారం
మూలంలో లేకున్నా తెచ్చుకోవలసినవి నాలుగు: తాడు సాగదు, తాడుకు బరువు లేదు, గిలకకు బరువు లేదు, గిలక కీచుమనదు. చివరి మూడూ సౌకర్యం కోసం, మొదటిది ప్రాణం. తాడు సాగదు కనుక ఒక బొక్కెన ఎంత దిగితే రెండోది అంతే లేస్తుంది. బొక్కెనలు రెండైనా నిరూపకం ఒక్కటే చాలు.

అన్వయం
బొక్కెనలు రెంటిదీ ఒకే వడి. మొత్తం ద్రవ్యరాశి 20 కిలోలు కాబట్టి టి విలువ 10 × వేగవర్గం. బరువైన బొక్కెన ఎక్స్ మీటర్లు దిగితే మొత్తం స్థితిజ శక్తి (12 − 8) × 9.8 × ఎక్స్, అనగా 39.2 ఎక్స్ మేర తగ్గుతుంది; వి = −39.2 ఎక్స్. కనుక ఎల్ = 10 × వేగవర్గం + 39.2 ఎక్స్. దీన్ని వేగంతో అవకలిస్తే 20 × వేగం. దాన్ని కాలంతో అవకలిస్తే 20 × త్వరణం. ఎల్‌ను స్థానంతో అవకలిస్తే 39.2. రెండూ సమానం కనుక త్వరణం సెకనుకు సెకనుకు 1.96 మీటర్లు, స్వేచ్ఛగా పడే వస్తువు త్వరణంలో అయిదో వంతు.

పాఠాంతర విచారం
కొన్ని ప్రతులలో, విశేషించి పరీక్ష జవాబు పత్రాలలో, ‘టికి వి కలపగా’ అనే పాఠం కనిపిస్తుంది. అది లేఖక దోషం. కలిపితే వచ్చేది మొత్తం శక్తి. అది వేరే పనికి పనికొస్తుంది. స్థితిజ శక్తి తగ్గే దిక్కుకే బలం పనిచేస్తుంది కనుక సూత్రంలో ఋణ చిహ్నం అవసరమైంది. కూడిక పాఠాన్ని అంగీకరిస్తే 20 × త్వరణం = −39.2 అవుతుంది, అనగా 12 కిలోల బొక్కెన తనంతట తాను పైకి లేస్తుంది. అటువంటి బావిని ఎవరూ తవ్వించినట్టు లేదు.

శంక
తాడు బిగువు, అనగా తన్యత, ఏమైంది? న్యూటన్ మార్గంలో ఒక్కో బొక్కెనకు ఒక్కో సమీకరణం రాసి, రెంటిలోనూ తన్యతను చేర్చి, చివరికి దాన్నే తొలగించాలి గదా?

సమాధానం
ఇక్కడ తన్యత వాచ్యం కాదు, వ్యంగ్యం. లేచే బొక్కెన మీద తాడు ఎంత పని చేస్తుందో, దిగే బొక్కెన మీద అంతే ఋణ పని చేస్తుంది, మొత్తం సున్న. శక్తి లెక్కలో దానికి చోటు లేదు. అనపేక్షితమైనదేదీ చెప్పనని కోలాచల మల్లినాథ సూరి తన వ్యాఖ్యకు పెట్టుకున్న నియమాన్ని ఈ సూత్రం గణితంలో పాటిస్తుంది. తాడు తెగుతుందేమోనన్న చింత ఉన్నవారికి మాత్రం తన్యత అపేక్షితమే. వారు త్వరణం తెలిశాక 12 × (9.8 − 1.96) అని గుణిస్తే 94.08 న్యూటన్లు వస్తుంది. లేదా బొక్కెనలకు రెండు నిరూపకాలు విడిగా పెట్టి, తాడు సాగదన్న నిబంధనను ఒక గుణకంతో జత చేయాలి. ఆ గుణకం పరిమాణమే తన్యత.

విశేషాంశాలు
గిలకకు బరువుంటే టిలో మరొక పదం చేరుతుంది. తాడు జారకుండా తిరిగే 2 కిలోల నిండు చక్రమైతే 20కి 1 కలిసి 21 అవుతుంది. త్వరణం సుమారు 1.87కి తగ్గుతుంది. ఇప్పుడు గిలకకు అటూ ఇటూ తన్యతలు వేర్వేరు. న్యూటన్ మార్గంలో మూడో సమీకరణం కావాలి. ఇక్కడ ఒక్క సమీకరణమే నిలుస్తుంది.

ఇదే సూత్రాన్ని ఊయలకు అన్వయిస్తే కోణమే నిరూపకం. టిలోనూ విలోనూ ద్రవ్యరాశి గుణకంగా ఉండి సమీకరణంలో రెండు వైపులా కొట్టివేయబడుతుంది. అందువల్ల చిన్న ఊపులలో ఆవర్తన కాలం పొడవును బట్టే గాని బరువును బట్టి మారదు. ఇరుసు నుండి బరువు కేంద్రానికి 2 మీటర్లుంటే అది సుమారు 2.8 సెకన్లు, పొడవు నాలుగింతలైతే కాలం రెండింతలు.

నిషేధం
నిజమైన గిలక కీచుమంటుంది. రాపిడిలో పోయే శక్తికి విలో స్థానం లేదు కనుక పై సూత్రం ఉన్నదున్నట్టుగా అక్కడ వర్తించదు. నిరోధం వేగానికి అనుపాతంలో ఉన్న సందర్భాలకు లార్డ్ రేలీ 1873లో ఒక వ్యయ ప్రమేయాన్ని జోడించే పద్ధతి చెప్పాడు.

తాత్పర్యం
వస్తువు మీద పడే బలాలన్నిటినీ లెక్కపెట్టడం కన్నా, నిబంధనలు పోగా దానికి మిగిలిన కదలికలు ఎన్నో ముందు నిర్ణయించాలి. అన్నే నిరూపకాలు తీసుకుని, వాటితో టి, వి రాసి, ఒక్కో నిరూపకానికి ఒక్కో అవకలన సమీకరణం తేవాలి. బావికి ఒకటి, ఊయలకు ఒకటి. ఒక లోలకానికి మరో లోలకం వేలాడదీస్తే రెండు. అవకలన క్రమం మాత్రం అన్నిటికీ ఇదే.