ఎవా మైదానపు బావి ఆత్మకథ

హవాయి దీవుల్లోని ఓవాహు ద్వీపానికి నైరుతి మూలన, ఎవా మైదానంలో 1879లో పుట్టిన ఈ బావి తన చరిత్ర చెప్పుకునేటప్పుడు తనను తాను 'ఈ బావి' అనే పేర్కొంటుంది. ఆ చరిత్రలో తనకన్నా తన అడుగున ఉన్న నీటికే ఎక్కువ పాలు ఉందన్న సంగతి దానికి తెలుసు.

ఐర్లండ్ నుంచి వచ్చిన చక్కెర వ్యాపారి జేమ్స్ కాంప్‌బెల్ 1877లో 95,000 డాలర్లకు ఈ మైదానం ఉన్న దాదాపు 41,000 ఎకరాల హోనౌలియులి భూమిని కొన్నప్పుడు, వానలు చాలక పశువుల మేతకు తప్ప దేనికీ పనికిరాదని పేరుపడిన నేల అది. రెండేళ్ల తరవాత జేమ్స్ ఆష్లీ అనే బోరు నిపుణుడు సుమారు 240 అడుగుల లోతుకు తవ్వగా, తోడే పని లేకుండానే నీరు పైకి ఉబికింది. భూగర్భంలోని ఒత్తిడి వల్ల నీరు తనంతట తానే ఎగసే ఇటువంటి బావిని ఆర్టీషియన్ బావి అంటారు. కొండలమీద కురిసిన వాన లావారాతిలోకి ఇంకి, సముద్రం వైపు సాగి, తీరం వెంట పగడపు సున్నపురాయి, బంకమన్ను పేరుకొని ఏర్పడిన పొర కింద మూతపెట్టిన కుండలోలా చిక్కుపడటమే ఆ ఒత్తిడికి కారణం. పైగా ఈ మంచినీరు ఉప్పునీటిమీద తేలుతూ ఉంటుంది: సముద్రమట్టానికి పైన అది ఒక అడుగు నిలిచిందంటే, దిగువన సుమారు 40 అడుగులు విస్తరించి ఉన్నట్టు లెక్క, కనుక పై మట్టం ఒక అడుగు పడిపోతే, కాలక్రమాన ఉప్పు అడుగునుంచి 40 అడుగులు ఎక్కి వస్తుంది.

ఈ లెక్కను చెరకుతోటల యజమానులు ఆలస్యంగా పట్టించుకున్నారు. 1889లో రైలుమార్గం, 1890లో ఎవా ప్లాంటేషన్ కంపెనీ ఏర్పడ్డాయి. చైనా, జపాన్, పోర్చుగల్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీల చేత సాగు చేయించిన పొలాల కోసం మరెన్నో బావులు పుట్టాయి. ఈ బావిని మాత్రం 1939లో హోనోలులు నగర పాలకులు మూసివేశారు. అయినా విచిత్రమేమంటే, లోతునుంచి తెచ్చి చెరకుకు పెట్టిన నీటిలో కొంత మళ్లీ ఇంకి, పైనున్న పగడపు పొరలోని నీటిని తియ్యబరుస్తూ వచ్చింది, అంటే తోట తనకు తెలియకుండానే ఒక జలాశయాన్ని పోషించింది.

తరవాతి కాలంలో ఇక్కడి చెరకు సాగు చూసిన ఓవాహు షుగర్ కంపెనీ 1995లో మూతపడేసరికి ఆ పోషణ ఆగిపోయి, పై పొర నీటిలో ఉప్పు పెరిగింది. సరిగ్గా అదే కాలంలో, హోనోలులు రద్దీని తగ్గించే రెండో నగరంగా 1970ల ప్రణాళికలు ఊహించిన కపోలే పట్టణం చెరకు నేలమీద లేవసాగింది. 2012లో విశ్వవిద్యాలయ ప్రాంగణం, 2023లో ఎత్తైన వంతెనలమీద నడిచే మెట్రో రైలు వచ్చాయి. హోఓపిలి అనే పథకం కింద కూరగాయల పొలాల్లో 11,750 ఇళ్లకు అనుమతి లభించింది. రెండో నగరమన్న ఘనత ప్రణాళికాకర్తలకే దక్కినా, ఎక్కడో కొండమీద ఇంకే వాన మాత్రం నక్షా గీసుకొని కురవదని ఈ బావి అభిప్రాయం. గోల్ఫ్ మైదానాలకు, పచ్చికబయళ్లకు ఇప్పుడు హోనౌలియులి శుద్ధికేంద్రంలో బాగుచేసిన మురుగునీటిని మళ్లిస్తున్నారు. తాగునీటికి మాత్రం పాత లావారాతి నీరే దిక్కు, దాన్ని తోడే వాళ్లు మారారు గాని ఒకటికి 40 అనే లెక్క మారలేదు.