ఒక మొక్కజొన్న విత్తనము ఆత్మకథ

నేను డీహెచ్‌ఎం 117 అను పేరుగల మొక్కజొన్న విత్తనమును. హైదరాబాదు చెంతనున్న రాజేంద్రనగరపు పరిశోధన కేంద్రమున రూపొందిన బీఎంఎల్ 6 అను వంశము నాకు తల్లి, బీఎంఎల్ 7 తండ్రి. తరతరములుగా తమ పుప్పొడినే తాము గ్రహించుచు వచ్చిన యిట్టి వంశముల మొక్కలు పొట్టివి, బక్కవి, చిన్న కంకులవి; చేనిలో ఒంటరిగా చూచిన రైతు వానిని మెచ్చడు. అయినను అట్టి రెండింటిని కలిపినచో పుట్టు సంతానము తల్లిదండ్రులిరువురను మించిన బలముతో పెరుగుననుటకు 1908లో అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జి హారిసన్ షల్ తన క్షేత్రమునుండి నిదర్శనము చూపెను. మనదేశమున 1961లో వెలువడిన గంగా, రంజిత్, దక్కన్ మొదలగు తొలి సంకరములు నాలుగేసి వంశముల కలయికలు; నేను రెండింటి బిడ్డను.

నా పుట్టుకకై ఎండలో నిలిచిన కూలి స్త్రీలను నేను మరువజాలను. తల్లి సాళ్లలో తలపైకి వచ్చు జల్లును పుప్పొడి రాలకమునుపే వారు మొక్కమొక్కకు పెరికివేయుదురు. ఒక్కటి తప్పినను విత్తనపు శుద్ధి చెడును.

కరీంనగరు ప్రాంతమున ఒక అత్తాకోడండ్రు నన్ను కొనిరి. సంచిమీది కంకి బొమ్మను చూచి కొనువారు పెక్కుమంది గలరు; ఈ కోడలు అట్లు చేయలేదు. తనది చల్క నేల, బావి నీరు కొలది, వానలు వెనుదీసిన పిదప గింజ నిండవలసిన దీర్ఘకాలిక రకము అచ్చట తాలుపోవునని యెరిగి, ఇరుగుపొరుగు చేలలో నిరుటి బెట్టకు ఏ రకము నిలిచెనో విచారించి, మధ్యకాలికమైన నన్ను సగము చేనికి, వేరొక రకమును తక్కిన సగమునకు ఎంచుకొనెను. రెండింటి పూత ఒకనాడే రాదు గనుక, ఒక్క బెట్ట రెండింటిని ఒక్కతీరుగా కాల్చు ముప్పు తగ్గును. ఇంతకంటె వివేకవంతమైన యెంపికను నేనెరుగను.

తొలకరికి నేల తడిసిన పిమ్మట సాలుకు సాలుకు 60 సెంటీమీటర్లు, గింజకు గింజకు 20 సెంటీమీటర్లు విడిచి మమ్ము నాటిరి. ఆ లెక్కన ఎకరమునకు 33,333 మొక్కలు, ఇంచుమించు 8 కిలోల విత్తనము. కోడలు వేగిరపడి పైపైన వేయుచుండగా అత్త వంగి మట్టిని వ్రేలితో తోసి చూపెను.

“జర లోతుకు పెట్టు బిడ్డా, పైపైన పెడితే పిట్టలు గీరుకపోతయి.”

“మొలకకు కష్టం గాదా అత్తమ్మా?”

“మూడు వేళ్ల లోతుండాలె, అన్నీ ఒక్కతీరుగుండాలె.”

పిట్టలకంటె పెద్ద కారణము మరియొకటి కలదు. నేను మొదట దించు వేరు తాత్కాలికమైనది. నన్ను జీవితాంతము నిలుపు వేళ్లు నేలమట్టమునకు కొంచెము దిగువనున్న కణుపులనుండి పుట్టును. గింజను పైననే విడిచినచో ఆ కణుపులు పొడిమట్టిలో చిక్కి, వేళ్లు సాగక, గాలికి మొక్క ఒరగిపోవును. ఇక సాటివారికంటె రెండాకులు వెనుకబడి మొలిచిన మొక్క జీవితమంతయు వారి నీడలోనే యుండి, నీరు ఎరువు త్రాగియు సరియైన కంకి వేయదు. పంట మొలకనాడే సగము తేలిపోవును; ఈ మాట నేను పూర్ణవిశ్వాసముతో చెప్పుచున్నాను.

అయిదారు ఆకులు విప్పువరకు నా ప్రాణము, అనగా పెరుగు మొగ్గ, నేలలోపలనే యుండును. పై ఆకులను మేక కొరికినను తిరిగి చిగురింతును గాని, చేనిలో నీరు నిలిచినచో ఊపిరాడక చత్తును. ఒకరాత్రి కుండపోత వాన కురిసినప్పుడు తెల్లవారకమునుపే ఆ యిద్దరును పారలతో వచ్చి గట్టు తెగగొట్టి నీటిని కాలువకు మళ్లించిరి. ఆకుల సుడిలోనికి చొరబడు కత్తెర పురుగునుగూర్చి చెప్పవలసినది చాల గలదు. 2018 మొదలు అది ఈ దేశమున మాకు ప్రబల శత్రువు.

జల్లు వచ్చెను, పీచు వచ్చెను, గింజ గట్టిపడి దాని మొదట నల్లని పొర యేర్పడెను. కంకులు విరిచినదినమున అత్త పాతకాలపు అలవాటుచొప్పున లావుపాటివానిని విత్తనమునకై వేరుచేయుచుండగా కోడలు వారించెను.

“వీటిని నాటితే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి మొలుస్తయి అత్తమ్మా. మళ్ల సంచి కొనుడే.”

అత్త ఆ కంకులను మారుపలుకక అమ్మకపు కుప్పలో వేసి, ఏ సగమున ఎన్ని బస్తాలు పండెనో లెక్క చెప్పుమని కోడలినడిగెను.