కొడుకు సిపాయి, నాన్న డిపెండెంట్

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. ఉత్త మాధవరం అంటే ఎవరికీ ఎక్కదు, మిలిటరీ మాధవరం అనాలి. మొదటి ప్రపంచ యుద్ధానికి అక్కణ్ణించి 90 మంది, రెండోదానికి వెయ్యి మందికి పైగా వెళ్లారని చెబుతారు. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్లకీ తగిలింది. అలా తగిలిన ఊళ్లోనే మా బాబాయి ఉంటాడు. ఎకరంన్నర మాగాణి, రెండు గేదెలు, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు 2019లో సైన్యంలో చేరాడు. ఊరంతా దండలేసింది. కొన్నాళ్లకి రైస్ కార్డు పోయింది.

బాబాయి గ్రామ సచివాలయానికి వెళ్లాడు.

"మీ ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉన్నారండి," అంది కంప్యూటర్ ముందున్న అమ్మాయి.

"ఇంట్లో ఎక్కడున్నాడమ్మా? లడఖ్‌లో ఉంటేను!"

"హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో మీ ఇంట్లోనే ఉన్నారండి, ఆయ్."

"అయితే సెలవు పెట్టకుండా వచ్చేశాడన్నమాట. వాళ్ల సీవోగారికి చెప్పకు తల్లీ, కోర్టు మార్షల్ చేసేస్తారు."

ఆ అమ్మాయి తప్పేం లేదు. కార్డుకి ఆరు అంచెల తనిఖీ అని ఒకటుంది. మాగాణి మూడెకరాలు మించకూడదు, కరెంటు నెలకి 300 యూనిట్లు మించకూడదు, ఇంట్లో కారుండకూడదు, పల్లెలో కుటుంబాదాయం నెలకి 10,000 మించకూడదు. మా బాబాయి వీటిలో దేన్నీ తనంతట తాను దాటలేదు. సరిహద్దు దగ్గర కాపలా ఉన్న కొడుకు దాటించాడు.

వీధి అరుగు మీద పంచాయతీ పెడితే రిటైరైన మాస్టారు ఒకాయన ఓదార్చాడు. "పోనీలే, కొడుకు మీ కుటుంబంలోనే ఉన్నాడని సర్కారు ఒప్పుకుంది కదా. నేను ముప్ఫై ఏళ్లు పన్ను కట్టాను. నాకు పిల్లలున్నారని ఇన్‌కమ్ టాక్సు వాళ్లు ఒక్కసారైనా అడిగారా?"

నిజమే. 1950ల చివర్లో పెళ్లయినవాడికి 3,000 దాకా పన్ను లేదు. ఒక బిడ్డుంటే 3,300, ఇంకో బిడ్డుంటే 3,600. ఢిల్లీకి కూడా పిల్లలంటే ముద్దుగా ఉన్న రోజులు. తర్వాత ముద్దు తీరిపోయింది. ఇప్పుడు పిల్లవాడి పేరున బ్యాంకులో వేసిన డబ్బుకి వడ్డీ వస్తే మైనారిటీ తీరేదాకా దాన్ని తండ్రి ఆదాయంలోనో తల్లి ఆదాయంలోనో కలిపేస్తారు. వాడు తినే ఇడ్లీల ఖర్చు మాత్రం ఎవరి ఆదాయంలోంచీ తీసెయ్యరు. డల్లాస్‌లో ఉన్న మాస్టారి మేనల్లుడు పిల్లల్ని డిపెండెంట్లుగా చూపించి పన్ను తగ్గించుకుంటాడు. అక్కడా ఒక మెలిక ఉంది. కొడుకు పటాలంలో చేరి తన ఖర్చులో సగానికి పైగా తానే భరించుకుంటే నాన్న రిటర్ను నుంచి వాడి పేరు తీసెయ్యాలి. న్యాయమే. వాడి జీతం వాడిది, వాడి బతుకు వాడిది. మన నారద స్మృతి కూడా శౌర్యంతో సంపాదించిన ధనం అన్నదమ్ముల పంపకానికి రాదంది. పాపం నారదులవారికి హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ సంగతి తెలీదు.

కథ ఇక్కడితో ఆగితే బాబాయి మర్చిపోయేవాడే. కానీ పెద్దవాడు ఫోను చేశాడు. "నాన్నా, నిన్నూ అమ్మనీ డిపెండెంట్లుగా మా రికార్డులోకి ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ చేయిస్తాను. మిలిటరీ ఆస్పత్రిలో చూపించుకోవచ్చు. మీ ఆదాయం నెలకి 9,000, దాని మీద కరువు భత్యం, ఆ లెక్కకి లోపల ఉండాలి. ఎమ్మార్వో ఆఫీసులో సర్టిఫికెట్ తీసుకో."

తీసుకున్నాడు. ఎకరంన్నర వరి ఏడాదికి ఏం మిగులుస్తుందో ఆ ఆఫీసుకి చెప్పక్కర్లేదు, ఇట్టే ఇచ్చేశారు. సంతకమూ సీలూ పడ్డాక చూస్తే ఈ మనిషి బీదవాడని గోదావరి జిల్లాలో ఇంతకంటే గట్టి రుజువు ఉండదు. బాబాయి ఆ కాయితాన్ని పక్క బల్ల దగ్గరికి పట్టుకెళ్లాడు.

"మరి నా బియ్యం కార్డండీ?"

"అది వేరండి. అది కుటుంబాదాయం."

"ఇది?"

"ఇది మీ ఆదాయం."

"నేను ఏ కుటుంబంలో వాణ్ణి?"

"అది సచివాలయంలో కనుక్కోండి."

ఒక బల్ల దగ్గర కొడుకు మీద ఆధారపడ్డ బీద తండ్రి, పక్క బల్ల దగ్గర ఉద్యోగస్తుడి ఇంటి కలిగినాయన. మధ్యలో ఒక స్టూలు. బాబాయి కాసేపు ఆ స్టూలు మీదే కూర్చున్నాడట, అక్కడైతే తనెవరో తనకి తెలుస్తుందని.

చివరికి సచివాలయంలో అమ్మాయే మార్గం చెప్పింది: "పెళ్లి చేసెయ్యండి. కార్డు స్ప్లిట్ అవుతుందండి." సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు సంబంధం చూసి పెద్దవాడికి చేసేశారు. కార్డుకి అర్జీ పెట్టేలోగా రెండోవాడు అగ్నివీర్‌గా ఎంపికయ్యాడు. నెలకి 30,000, అందులో 9,000 సేవానిధికి పట్టుకుని 21,000 చేతికిస్తారు. పల్లె పరిమితి పదివేలు. కార్డు మళ్లీ అటకెక్కింది.

"వీడికీ చేసెయ్యండి," అన్నాడు మాస్టారు.

"వాడికి పందొమ్మిదేనండి."

దేశం కోసం తుపాకీ పట్టడానికి పదిహేడున్నర చాలు. పెళ్లి చేసుకుని బియ్యం కార్డు విడగొట్టుకోవడానికి ఇరవై ఒకటి నిండాలి.

అయినా తణుకు వైపు నుంచి ఒక సంబంధం వాళ్లు ముందుగానే మాట వేసుకుందామని వచ్చారు. కాఫీలయ్యాయి, కట్నం ప్రసక్తి రాలేదు, పొలం సంగతి అడగలేదు. పిల్ల తండ్రి గొంతు సవరించుకుని ఒక్కటే అడిగాడు: "బావగారూ, నాలుగేళ్లయ్యాక నూటికి పాతికమందినే ఉంచుకుంటారట కదా. మీవాడు ఆ పాతికలోనా, డెబ్బై అయిదులోనా?"

"డెబ్బై అయిదులో ఉంటే మళ్లీ నా డిపెండెంటేనండి," అన్నాడు బాబాయి, "కార్డొచ్చేస్తుంది."