గ్రహబలముచే లభించు పట్టము

ప్రయోగశాలలలో పరికరములు లేక, గ్రంథాలయములలో గ్రంథములు లేక, పీఠములలో ఆచార్యులు లేక మన విశ్వవిద్యాలయములు శుష్కించుచుండగా, ఈ లోపములన్నిటికిని శనైశ్చరుడే కారణమని గ్రహించిరో యేమో, యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ వారు 2001లో జ్యోతిర్విజ్ఞానమను పేర ఫలితజ్యోతిషమునకు శాఖలు నెలకొల్పి, బి.ఎస్‌సి., ఎం.ఎస్‌సి. పట్టములు ప్రసాదింప సంకల్పించిరి. నాటి విద్యామంత్రి మురళీమనోహర్ జోషి భౌతికశాస్త్రాచార్యులే యగుట ఈ శుభకార్యమునకు మరింత శోభ గూర్చెను. పంచాంగము చంకనిడుకొని, ముహూర్తము పెట్టి, దక్షిణ తాంబూలములతో తృప్తినొందు సిద్ధాంతిగారికి తరతరములుగా లేని విజ్ఞానపట్టము ఒక్క ఉత్తరువుతో సంక్రమించెను.

గ్రహణమెప్పుడు పట్టునో లెక్కగట్టు ఆర్యభటుని గణితము వేరు. ఆ గ్రహణమువలన ఎవరి ఉద్యోగము ఊడునో చెప్పు నేర్పు వేరు. మొదటిది తప్పినచో ఆకాశమే సాక్ష్యమిచ్చును. రెండవది తప్పినచో జాతకుని జన్మసమయమే తప్పని సమాధానము సిద్ధముగా నుండును. హైదరాబాదులో సి.సి.ఎం.బి. అను కణ, అణుజీవశాస్త్ర పరిశోధనసంస్థను నెలకొల్పిన శాస్త్రజ్ఞుడు పుష్పమిత్ర భార్గవ ప్రభృతులు ఈ ఏర్పాటును ప్రశ్నించుచు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకెక్కిరి, వ్యాజ్యము నిలువలేదు. విద్యావిషయములలో నిపుణసంఘముల నిర్ణయమున జోక్యము తగదని సుప్రీంకోర్టు కూడ 2004లో ఆ వ్యాజ్యమును త్రోసిపుచ్చెను. శాస్త్రీయదృక్పథమును పెంపొందించుకొనుట పౌరుని విధి యని 1976లో రాజ్యాంగమున చేరిన 51ఎ అధికరణము మాత్రము, పాపము, ఏ గ్రహము దృష్టి సోకినదో, ఉన్నచోటనే ఉండిపోయెను.

ఇట్టి సందేహములు వెలిబుచ్చినవాడు స్వసంస్కృతీద్రోహి యగుననియు, ఇరుపక్షములను విద్యార్థి ముందుంచుటే ఉదారవిద్య యనియు అభిమానులు వాదింతురు. అట్లే కానిండు. ఖగోళశాస్త్రజ్ఞుడు జయంత్ నార్లీకర్ బృందము ప్రతిభావంతులైన విద్యార్థుల జాతకములు 100, మనోవైకల్యము గల బాలల జాతకములు 100 సేకరించి, ఒక్కొక్క జ్యోతిష్కునికి 40 చొప్పున పంపి, ఏది ఎవరిదో తెలుపుడని కోరినది. బదులిచ్చిన 27 మంది సగటున నూటికి 46 మాత్రమే సరిగా చెప్పగలిగిరి. బొమ్మాబొరుసు వేయు పసివాడు ఇంతకంటె మేలుగా, సుమారు 50 చెప్పును. వానికి ఏ పీఠమును అక్కరలేదు, ఏ గ్రాంటును అక్కరలేదు. ఇరుపక్షములనగా ఇవియే గదా!

కావున నాదొక మనవి: ఆ శాఖవారు ప్రవేశదినముననే విద్యార్థుల జాతకములు పరిశీలించి, ఎవరు ఉత్తీర్ణులగుదురో, ఎవరు తప్పుదురో వ్రాసి, లక్కముద్ర వేసి రిజిస్ట్రారుగారికి అప్పగింతురు గాక. ఫలితములు వెలువడిననాడు విప్పి సరిచూతము. సరిపోయెనా, ఇక పరీక్షలే అనవసరము. సరిపోకపోయెనా, ఆ విద్యను సంస్కృతశాఖలో చరిత్రగా గౌరవముతో చదువుకొని, విజ్ఞానపట్టమును మాత్రము వెనుకకు తీసికొందము. ఈ పందెమునకు వారు జంకినచో, తమ శాస్త్రమునందు మనకన్న వారికే అపనమ్మకము హెచ్చని తేలిపోవును.