జాతీయ నిరుద్యోగ శాతం గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మీరు కుశలంగా ఉన్నారన్న వార్తకూ, మా ఇళ్లలో పిల్లలు కుశలంగా ఉండటానికీ సంబంధం తెగిపోయి చాన్నాళ్లయింది. అందుకని నేరుగా విషయానికే వస్తాను.

ఒకప్పుడు మీరు అయిదేళ్లకోసారి కనిపించే పెద్దమనిషి. 1972-73 మొదలు జాతీయ నమూనా సర్వేవాళ్లు ఊళ్లు తిరిగి, గడపలు తిరిగి మిమ్మల్ని తీసుకొచ్చేవారు. 2017లో కొత్త సర్వే మొదలయ్యాక ఏటా రావడం అలవాటు చేసుకున్నారు. 2025 ఏప్రిల్ లెక్కతో మొదలుపెట్టి నెలనెలా దిగబడుతున్నారు. మీరు వచ్చిన సాయంత్రం టీవీలో నలుగురు కూర్చుంటారు. ఇద్దరు "తగ్గింది చూశారా" అంటారు. ఇద్దరు "దాచేశారు చూశారా" అంటారు. పని లేనిది ఎవరికి, వాళ్ల వయసెంత, ఏం చదివారు అనే ప్రశ్న వచ్చేలోపు వ్యాపార ప్రకటనలు వచ్చేస్తాయి. మీతో నా పేచీ అక్కడే. మీరు అబద్ధమని అనను. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే థర్మామీటరు పెట్టి, సగటు జ్వరం చెప్పి వెళ్లిపోతున్నారు, అదీ బాధ.

మీ చరిత్ర ఓసారి తిరగేద్దాం. 2017-18లో మీరు 6.1. ఆ నివేదిక బయటికి రావడంలో జాప్యం మీద జాతీయ గణాంక కమిషన్ సభ్యులిద్దరు 2019 జనవరిలో రాజీనామా చేశారు. ఎన్నికలు ముగిశాక, మే 31న అది అధికారికంగా విడుదలైంది. ఆ తర్వాత మీరు దిగడమే గానీ ఎక్కడం లేదు. 5.8, 4.8, 4.2, 4.1 మీదుగా 2022-23లో 3.2కు చేరారు, మరుసటి ఏడాదీ అక్కడే ఉన్నారు. ఈ వరుసలో 4.8 ఏ ఏడాదిదో గుర్తుందా? 2019-20ది. అంటే లాక్‌డౌన్ వచ్చిన ఏడాది. 2020 ఏప్రిల్, జూన్‌ల మధ్య పట్టణాల్లో వారం వారీ లెక్క దాదాపు 21 శాతానికి ఎగబాకింది. వలస కూలీలు జాతీయ రహదారుల మీద పిల్లల్ని భుజాన వేసుకుని నడిచారు. ఏడాది చివర మీరు మాత్రం ముందటి ఏడాది కన్నా ఒక శాతం తగ్గి కనిపించారు. ఏడాది మొత్తం మీద ఎక్కువ కాలం ఏం చేశావన్నదే మీ వార్షిక లెక్కకు ఆధారం కాబట్టి, మూడు నెలల కష్టం అందులో కరిగిపోయింది. పద్ధతి ప్రకారం తప్పేం లేదు. మనిషి ప్రకారం చూస్తేనే చికాకు.

ఆ పద్ధతి సంగతి కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో ఏ పెద్ద చౌరస్తాకైనా పొద్దున ఏడింటికి వెళ్తే అడ్డా కూలీలు కనిపిస్తారు. తాపీ, గంప, సున్నం బ్రష్షు పట్టుకుని నిలబడి ఉంటారు. పది దాటినా ఏ మేస్త్రీ పిలవకపోతే ఇంటిదారి పడతారు. వారంలో ఆరు రోజులు అలా జరిగి, ఏడో రోజు ఎవరింటి దగ్గరో గంటసేపు ఇటుకలు మోశాడనుకోండి. మీ వారపు లెక్కలో ఆయన పనిలో ఉన్నట్టే. వార్షిక లెక్కలో అయితే ఏడాదికి 30 రోజులు ఏదో ఒక అనుబంధ పని చేసినా చాలు, నిరుద్యోగుల జాబితాలోంచి పేరు పోతుంది. చేతికి కూలి అందకపోయినా ఫర్వాలేదు. నాన్న కిరాణా కొట్లో కూర్చునే పీజీ కుర్రాడూ, ఇంటి గేదెల్ని చూసుకుని పాలకేంద్రానికి పాలు పోసే కోడలూ మీ దృష్టిలో ఉపాధి దొరికినవాళ్లే. వారానికి గంట పని అన్న కొలత ప్రపంచమంతా వాడుతున్నదే, మీ సొంత కల్పన కాదు. కాకపోతే నిరుద్యోగ భృతి ఉన్న దేశానికీ, పొద్దున పని దొరక్కపోతే రాత్రి పొయ్యి వెలగని దేశానికీ ఒకటే కొలత పెడితే రెండో దేశంలో మీరు ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తారు. పేదవాడికి నిరుద్యోగిగా ఉండే స్తోమత ఎక్కడిది?

ఈ మాట నా ఊహ కాదు, మీ అంకెలే చెబుతున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024 మార్చిలో వెలువరించిన భారత ఉపాధి నివేదిక చూడండి. 2022లో చదవడం, రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం. డిగ్రీ చేసిన యువతలో 29.1 శాతం. దేశంలోని మొత్తం నిరుద్యోగుల్లో నూటికి 83 మంది యువతే. అమెరికాలో ఇదే పట్టిక తలకిందులుగా ఉంటుంది. 2023లో అక్కడ బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవాళ్లలో నిరుద్యోగం 2 శాతం పైచిలుకు, హైస్కూలు దాటనివాళ్లలో 5 శాతానికి పైన. అక్కడ చదువు పని ఇప్పిస్తుంది. ఇక్కడ చదువు ముందుగా ఇచ్చేది ఎదురుచూసే హక్కు. ఎకరం అమ్మో, అప్పు చేసో ఇంజినీరింగ్ చదివించిన తండ్రి, కొడుకును మర్నాడే ఇటుకలు మొయ్యమని పంపడు కదా.

రాష్ట్రాల పట్టిక చూస్తే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. 2023-24లో 15-29 ఏళ్లవారిలో నిరుద్యోగం కేరళలో 29.9 శాతం, మధ్యప్రదేశ్‌లో 2.6 శాతం. మిమ్మల్ని నమ్మి పెట్టె సర్దుకుంటే, పని కోసం కేరళ కుర్రాళ్లు మధ్యప్రదేశ్ రైలెక్కాలి. నిజంగా రైళ్లలో వచ్చేది ఉత్తరాది కూలీలు, వాళ్లు దిగేది కేరళ స్టేషన్లలో. ఇక మన సంగతి. 2022-23లో పట్టభద్రుల నిరుద్యోగం దేశం మొత్తానికి 13.4 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 24. అండమాన్ నికోబార్, లద్దాఖ్‌ల తర్వాత మూడో స్థానం మనదే. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని ఎన్నో ఇళ్లలో మొట్టమొదటి డిగ్రీ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు 700 దాటాయి. అది మంచి పనే, ఎవరేమన్నా నేను మంచి పనే అంటాను. పట్టా చేతికొచ్చాక వెళ్లాల్సిన చోటును మాత్రం ఎవరూ కట్టలేదు. ఫ్యాక్టరీలు ఆ వేగంతో రాలేదు. 2018-19లో దేశంలో పనిచేసేవాళ్లలో 42.5 శాతం వ్యవసాయంలో ఉంటే, 2023-24 నాటికి అది 46.1 అయింది. చదువు ముందుకు నడుస్తుంటే ఉపాధి పొలానికి తిరిగి వెళుతోంది. మీరు తగ్గింది ఈ కాలంలోనే.

ఇప్పుడు మిమ్మల్ని ఒక చోటికి తీసుకెళ్తాను. హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి అశోక్‌నగర్ రండి. చిక్కడపల్లి లైబ్రరీ తలుపు తీయకముందే వరుస కట్టిన సంచులు కనిపిస్తాయి. ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు. గోడకు భారతదేశ పటం, దాని పక్కన పాత నోటిఫికేషన్ల కటాఫ్‌లు. మెస్సులో నెల కార్డు. కరెంట్ అఫైర్స్ పుస్తకం చేతులు మారి మారి అట్ట ఊడిపోయి ఉంటుంది. కృష్ణా జిల్లా అవనిగడ్డకు వెళ్తే డీఎస్సీ అభ్యర్థులు, నంద్యాల వెళ్తే బ్యాంకు పరీక్షలవాళ్లు. ఊళ్లో ఎవరైనా "మీవాడేం చేస్తున్నాడు?" అంటే తండ్రి "ప్రిపేర్ అవుతున్నాడు" అంటాడు. ఇరవై రెండేళ్లప్పుడు ఆ మాట గర్వంగా చెబుతాడు. ముప్ఫై దాటాక గొంతు తగ్గించి చెబుతాడు. పండక్కి కొడుకు ఊరికి రావడం మానేస్తాడు, వస్తే పెళ్లి మాట వస్తుందని. వీళ్లు మీ లెక్కలోకి వస్తారా రారా అన్నది సర్వేవాళ్లకిచ్చే జవాబును బట్టి ఉంటుంది. పని దొరికితే చేస్తానంటే నిరుద్యోగి. చదువుకుంటున్నానంటే విద్యార్థి, మీకు సంబంధమే లేదు.

నీళ్లు, నిధులు, నియామకాలు అని పోరాడి తెచ్చుకున్న తెలంగాణలో మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది, 503 పోస్టులకు. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రం లీకైందని 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు, హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. గ్రూప్-4లో 8,180 పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల దరఖాస్తులు, అంటే పోస్టుకు 116 మంది. ఆంధ్రలో 2018 తర్వాత డీఎస్సీ కోసం ఎదురుచూసిన వాళ్లకు 2025లో గానీ మెగా డీఎస్సీ పరీక్ష దక్కలేదు. 16,347 పోస్టులకు 3 లక్షల 36 వేల పైచిలుకు అభ్యర్థులు. 2018లో ఇరవై మూడేళ్ల బీఎడ్ అమ్మాయి 2025లో ముప్ఫై. ఆ ఏడేళ్లు ఆమె ప్రైవేటు స్కూల్లో అరకొర జీతానికి పాఠాలు చెప్పి ఉంటే మీ లెక్కలో ఉద్యోగినే.

ఈ ఎదురుచూపుకు ప్రభుత్వాలకు తెలిసిన సులువైన మందు వయోపరిమితి పెంచడం. తెలంగాణలో 2022లో 44 ఏళ్లకు పెంచారు, 2024లో 46 చేశారు. 'ఏజ్ బార్' అయిపోతున్నవాళ్లు అడిగినందుకే పెంచారు, వాళ్లకు అది ఊపిరే. కానీ పోస్టు పెంచడానికి బడ్జెట్ కావాలి. వయసు పెంచడానికి ఒక జీవో చాలు. ఇలా ఎదురుచూసే కుర్రాడే అమెరికాలో ఎంఎస్ చేసి, చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి (ఓపీటీ) మీద ఉంటే, పని లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండటానికి వీల్లేదు. అది క్రూరమే. నలభై ఆరేళ్ల వరకు ఆశ పెట్టడాన్ని ఏమనాలో మాత్రం నాకు పాలుపోవడం లేదు.

వయసు మాట వచ్చింది కాబట్టి మీరు అందరికంటే ఎక్కువగా దాచే విషయానికి వద్దాం. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2023లో ప్రచురించిన 'స్టేట్ ఆఫ్ వర్కింగ్ ఇండియా' నివేదిక 2021-22 అంకెల్నే వయసు వారీగా విడదీసింది. 25 ఏళ్లలోపు పట్టభద్రుల్లో నిరుద్యోగం 42.3 శాతం. 25-29 మధ్య 22.8. 30-34 మధ్య 9.8. 35-39 మధ్య 4.5. నలభై దాటాక 1.6. ఈ మెట్లు చూసి "వయసుతో పాటు అందరికీ పని దొరుకుతుందిలే" అనేవాళ్లున్నారు. దొరికేవాళ్లకు దొరుకుతుంది. మిగతావాళ్లు దొరికిన పనిలో సర్దుకుంటారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అతను బైక్ మీద భోజనం పార్సిళ్లు మోస్తాడు. బీటెక్ అతను మొబైల్ రీచార్జి షాపు పెడతాడు. 2017-18లో పనిచేసేవాళ్లలో 52.2 శాతం ఉన్న స్వయం ఉపాధి 2023-24 నాటికి 58.4 శాతమైంది. నెలజీతం వాటా 22.8 నుంచి 21.7కు తగ్గింది. ముప్ఫై అయిదేళ్లకు మనిషి ఓపిక అయిపోతే మీ అంకె దిగుతుంది. ఓడిపోయినవాడినీ గెలిచినవాడినీ మీరు ఒకే గళ్లో వేస్తున్నారు.

ఆడవాళ్ల విషయంలో మీ నిర్వాకం ఇంకా విచిత్రం. క్యాంపస్‌లో ఉద్యోగం రాక, పెళ్లయి, రెండు మూడు ఇంటర్వ్యూలకు వెళ్లి ఆగిపోయిన అమ్మాయి వెతకడం మానేసింది గనుక నిరుద్యోగి కాదు, శ్రామిక శక్తిలోనే లేదు. మరోపక్క స్త్రీలలో శ్రామిక శక్తిలో ఉన్నవారి వాటా 23.3 నుంచి 41.7 శాతానికి పెరిగిందని సంబరం. ఆ పెరుగుదలలో సింహభాగం పల్లెల్లో, సొంత సేద్యంలో, కూలి అందని కుటుంబ పనుల్లో.

అయ్యా, ఇదంతా కొత్తగా కనిపెట్టి చెబుతున్నది కాదు. నిరుద్యోగ అంచనాల మీద ప్రణాళికా సంఘం వేసిన దంత్వాలా కమిటీ 1970లోనే, మన దేశంలో నిరుద్యోగాన్ని ఒకే అంకెలో కుదించడం కుదరదని, ప్రాంతం, వయసు, స్త్రీ పురుషులు, పల్లె పట్నం, చదువు వారీగా విడదీసి చెప్పాలని సిఫార్సు చేసింది. అలా విడదీసిన పట్టికలు వార్షిక నివేదిక వెనక పేజీల్లో ఉంటున్నాయి కూడా. నెలనెలా బయటికొచ్చే ప్రకటనలో 15-29 ఏళ్లకు ఒక వరుస ఇస్తున్నారు. చదువు వరుస లేదు.

కాబట్టి నా విన్నపం చిన్నది. వచ్చే నెల మీరు వచ్చేటప్పుడు ఒంటరిగా రావద్దు. ఇరవై అయిదు లోపు పట్టభద్రుడి అంకెను ఒక పక్కన, ముప్ఫై అయిదు దాటి సర్దుకున్నవాడి జీతం ఎంతో ఇంకో పక్కన పెట్టుకుని రండి. పాఠకులకూ ఒక మాట. ఈసారి టీవీలో ఎవరైనా 'నిరుద్యోగం తగ్గింది' అంటే, ఏ వయసువాళ్లకు, ఏ చదువువాళ్లకు అని అడగండి. జవాబు చెప్పలేకపోతే చానల్ మార్చేయండి.

ఇట్లు,
మీ లెక్కలో పనిలో ఉన్నట్టు నమోదైన ఒక పౌరుడు